రెండ్రోజుల గడువు

వాకిట్లో ఉన్న ట్రైలర్ తలుపుకి లోవెల్ పసుపు నోటీసు కాగితం అంటించబోతుంటే వెల్మా లోపల్నుంచి తలుపు తీసింది. కాగితం ఆమె చొక్కాకి అంటుకుంది.

“గడువు సాయంత్రం దాకా ఉంది, ప్రెసిడెంటు గారూ,” అంది, దాన్ని ఊడబెరికి.

“ముందుగా గుర్తుచేయడం నా బాధ్యత, వెల్మా గారూ.”

టూసాన్ అనే ఎడారి ఊరి శివార్లలో ఉన్న ఆ కాలనీకి లోవెల్ ప్రెసిడెంటు. కాలనీ పని మీద ఉన్నంతసేపూ ఆయనకి అయినవాళ్ళూ కానివాళ్ళూ అన్న తేడా లేదు. అందరూ ‘గారు’లే. చెత్తడబ్బా ఒక పూట ఎక్కువ బయట ఉన్నా పసుపు కాగితం వచ్చిపడేది. ఎవరి వాకిట్లోనైనా ట్రైలర్ రెండ్రోజులకి మించి ఉండకూడదన్నది ఆయన స్వయంగా రాసిన రూలు. దాన్ని చూసి జడవనిది వెల్మా ఒక్కతే.

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసీ చేసీ ఆమె కుడి భుజం అరిగిపోయింది. అది పూర్తిగా మూలపడేలోపు తన చేత్తో తనే నడుపుకుంటూ వెళ్ళి, రెండు వేల కిలోమీటర్ల అవతలి ఓరెగాన్ సముద్రం చూడాలని ఆమె పట్టు. ఈ ఏడు కాకపోతే ఇక కాదని ఆమెకి తెలుసు. అందుకే పికప్ ట్రక్కుకి తగిలించి లాగే ఈ ట్రైలర్‌ని, అంటే చక్రాల మీది చిన్న ఇంటిని, మార్చిలో కొని వాకిట్లో పెట్టింది. అందులోనే పడుకుంటోంది కూడా. ఇంట్లో కంటే బాగా నిద్ర పడుతోందట.

కొనేటప్పుడూ ఎవరి మాటా వినలేదు. షాపువాడు రాతి వంటగట్టున్న పెద్దదాన్ని చూపించి, దీని ఖాళీ బరువు మీ పికప్ తేలిగ్గా లాగుతుందన్నాడు. ఖాళీ ట్రైలర్‌లో నేనేం తిని బతకాలి, నీళ్ళూ గ్యాసూ సామానూ ఎక్కాక ఎంతో చెప్పు అందామె. వాడు నసిగాడు. ఆమె చిన్నది తీసుకుని, మిగిలిన డబ్బు మంచి బ్రేకుల మీదా వెనక్కి చూసుకునే వెడల్పాటి అద్దాల మీదా పెట్టింది.

కొనడం ఒక ఎత్తు, లాగడం ఒక ఎత్తు. మొదటిసారి గడువులోగా బయటికి తీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పికప్ వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనుప బంతి ఒకచోట ఉంటే ట్రైలర్ మూతి ఇంకోచోట. వెనక్కి నడుపుతూ కుడికి తిప్పితే అది ఎడమకి పోయింది. వీధి వీధంతా మడతకుర్చీలు వేసుకుని తమాషా చూసింది. లోవెల్ ఇంటి చెప్పులతో, చేతిలో కాఫీ కప్పుతో నిలబడి, ఇది మీ వల్ల అయ్యే పని కాదు, అమ్మేయండి అని సలహా ఇచ్చాడు.

ఆమె పెట్రోలు బంకు దాకా వెళ్ళి, మళ్ళీ తెచ్చి అదే వాకిట్లో పెట్టింది. బయటికి తీయాలని రూల్లో ఉంది గాని ఎంత దూరమో లేదుగా.

వసంతమంతా ఇదే తంతు. కొక్కెం విప్పేముందు చక్రాలకి అడ్డు పెట్టాలన్న సంగతి, ట్రైలర్ జారి లోవెల్ ముచ్చటపడి పెంచుకున్న కాక్టస్ కుండీని పిండి చేశాక తెలిసింది. పికప్‌కీ ట్రైలర్‌కీ కలిపే గొలుసులు మూతి కింద ఒకదాని మీదొకటి అడ్డంగా వేస్తే, కొక్కెం ఊడినా మూతి నేలకి గుద్దుకోదు. సామాను బరువు ముందువైపు ఉండాలి, వెనక ఎక్కువైతే హైవే మీద బండి తోకాడిస్తుంది. ఇవన్నీ తిట్లు తింటూ, తిరిగి తిడుతూ నేర్చుకుంది. మే నెల వచ్చేసరికి, లోవెల్ కాఫీ చల్లారేలోపు తగిలించేసేది. ఆమె వల్ల కాదని వీధిలో కాసిన పందేలన్నీ ఆమె వైపు తిరిగాయి.

లోవెల్‌కి తల కొట్టేసినట్టయింది. జూన్ మీటింగులో కొత్త రూలు తెచ్చాడు. ఇక మీదట వాకిట్లో ట్రైలర్ ఒక్క గంట కూడా ఉండకూడదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు. మొహమాటానికి చాలామంది ఎత్తారు.

వెల్మా లేచి, నొప్పి లేని ఎడమ చెయ్యి ఎత్తింది.

“నాదీ కలుపుకోండి. రెండ్రోజులకోసారి నాచేత తగిలించి విప్పించారు. డబ్బు పోసినా ఏ బడీ ఇంత బాగా నేర్పదు. రేప్పొద్దున్నే పోతున్నా.”

“ఒంటరిగా ఎంత దూరం పోతారు?”

“ఒంటరిగా ఎందుకు? పక్క సీటు ఖాళీయే. రూళ్ళు లేనిచోట ఊపిరాడుతుందనుకుంటే మీరూ ఎక్కండి.”

హాలంతా గొల్లున నవ్వింది. లోవెల్ నవ్వలేదు. తర్వాతి అంశం చదివాడు.

పొద్దున్నే మడతకుర్చీలు మళ్ళీ వెలిశాయి. వెల్మా ఎవరి సాయమూ లేకుండా తగిలించింది. గొలుసులు లాగి చూసింది. దీపాలు వెలిగించి చూసింది. లోవెల్ నోటీసులు రాసే అట్ట పట్టుకుని ట్రైలర్ చుట్టూ తిరిగాడు. ఒక్క తప్పూ దొరకలేదు. చివరికి పికప్ కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“భుజం నొప్పి మాత్రలు పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నా. సీటు ఇంకా ఖాళీగానే ఉంది.”

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. గొంతు సవరించుకున్నాడు.

“సమయం మించిపోతోంది, వెల్మా గారూ.”

ఆమె గేరు వేసింది. ట్రైలర్ మలుపు దగ్గర కాస్త కూడా తడబడకుండా తిరిగి, గేటు దాటి, హైవే వైపు వెళ్ళిపోయింది. వీధి చప్పట్లు కొట్టింది.

లోవెల్ అట్ట మీద ‘ఉల్లంఘన తొలగింది’ అని రాసి సంతకం పెట్టి, ఖాళీ అయిన ఆ వాకిట్లోంచే నడుచుకుంటూ వెళ్ళి, ముప్ఫై తొమ్మిదేళ్ళు వెల్మాతో కాపురం చేసిన ఇంటి తలుపు తీశాడు.