నిద్రమొహం

"బతికున్నావా, పోయావా?"

దెసాంకా దుప్పటి లాగి అవతల పారేసింది. వంటింటి సోఫాలో ముడుచుకుని పడుకున్న వితోమీర్ ఒక కన్ను తెరిచాడు.

"టైమెంతయింది?"

"ఉద్యోగం ఊడేంత అయింది."

నిజంగానే ఊడింది. బట్టల మిల్లు గేటు దగ్గర కాపలా పని అది. దెసాంకా తన అన్న కాళ్ళావేళ్ళా పడి వేయించింది. పొద్దున్నే మొగుణ్ణి లేపి, లేచానని అనిపించుకుని మరీ బజారుకి వెళ్ళింది. జున్ను అమ్ముకుని మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మనిషి మళ్ళీ సోఫాలోనే ఉన్నాడు. మొదటి రోజే!

వేసవిలో వితోమీర్ ఇలా లేడు. చలికాలం వచ్చాక సోఫాకి అతుక్కుపోయాడు. లేస్తే తల పోటంటాడు. నడిస్తే కాళ్ళు లాగుతున్నాయంటాడు. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. మంచులో నడిచి ఆసుపత్రి చేరేసరికి అతగాడికి ఏ నొప్పీ లేదు. "గుండ్రాయిలా ఉన్నాడమ్మా మీ ఆయన" అన్నాడు డాక్టరు. ఆ మాటకి దెసాంకా పరువు పోయింది.

అయినా భార్యగా తను చెయ్యవలసింది చేసింది. తలనొప్పంటే ప్రొమాయ గాలి తగిలినట్టే. ఈ సందులోంచి దూరి ఆ సందులోంచి పోయే చలిగాలికి మెడలు పట్టేస్తాయని, మనుషులే పోతారని వాళ్ళ ఊరు పీరోత్‌లో పసిపిల్లకైనా తెలుసు. కిటికీ సందుల్లో ఆమె ముందే గుడ్డపేలికలు కూరింది. ఇప్పుడు తలుపు కిందా కూరింది. పొయ్యి వెనక గోడకున్న కన్నంలో పాత తివాచీ ముక్క కుక్కింది. ఇంత సేవ చేస్తే, మొగుడు మరో రెండు గంటలు ఎక్కువ నిద్రపోయాడు.

పైగా ముసలి కొసారా నడిపే సారాకొట్లో అడుగుపెడితే మాత్రం మహా హుషారు. ఒక సాయంత్రం దెసాంకా కళ్ళారా చూసింది. బల్ల గుద్దుతూ పాట పాడుతున్నాడు! ఇంటికి రాగానే అందుకుంది.

"అక్కడ కోడిపుంజు, ఇక్కడ చచ్చిన కోడి! నన్ను చూస్తేనే నిద్రొస్తుందా నీకు?"

"నిజం చెప్పనా? ఈ గడప తొక్కితే చాలు, కళ్ళు మూతలు పడతాయే. బయటికెళ్తే ప్రాణం లేచొస్తుంది."

"అంటే నా మొహం అంత బావుందన్నమాట!"

"మొహం కాదు, నోరు. అది వింటూ కూచుంటే ఎవడికైనా నిద్రే గతి."

"పిల్లికి కూడా నీ బుద్ధులే వచ్చాయి. ఎలక మీద నుంచి పోయినా లేవదు."

అది అప్పటి మాట. ఇప్పుడు ఉద్యోగం కూడా పోయింది. అతని బట్టలు సంచిలో కుక్కి మంచులోకి విసిరింది.

"ఎలుగుబంటైనా వసంతానికి లేస్తుందయ్యా! పో, మీ తమ్ముడింట్లో తగలడు. అక్కడ దొర్లు ఎంతసేపు దొర్లుతావో!"

తమ్ముడి ఇంట్లో సగం కిటికీలకు అద్దాలే లేవు. అయినా వితోమీర్ తెల్లారకముందే లేచి కట్టెలన్నీ కొట్టిపడేశాడట. ఆ కబురు దెసాంకా చెవిన పడింది. ఆమె ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆడింది నాటకమేనన్నమాట! ఇక చచ్చినా రానివ్వకూడదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం వితోమీర్ బూట్ల కోసం వచ్చాడు. తలుపు తోసి చూసి, అక్కడే నిలబడిపోయాడు.

వంటిల్లు వేడివేడిగా ఉంది. పొయ్యి నిండా బొగ్గులు. అతని సోఫాలో, పట్టపగలు, నోరు తెరుచుకుని దెసాంకా నిద్రపోతోంది. ఆమె కాళ్ళ దగ్గర పిల్లి.

"దెసా! ఏమే!"

ఆమె ఒక కన్ను తెరిచింది. "తల..." అని గొణిగి మూసేసింది.

వితోమీర్‌కి పెళ్ళినాడు కూడా ఇంత సంతోషం కలగలేదు.

"అయ్యో పాపం! ప్రొమాయ కొట్టిందా మహారాణీ?"

బూట్లు చంకన పెట్టుకున్నాడు. చల్లగాలి తగలకుండా తలుపు గట్టిగా లాగి మూశాడు. తిన్నగా సారాకొట్టుకి వెళ్ళాడు.

అక్కడ బల్ల మీద వాలి, నోరు తెరిచి, చెయ్యి వేలాడేసి భార్య నిద్ర నటించి చూపించాడు. కొట్టంతా గొల్లున నవ్వింది.

"నన్ను నిద్రమొహం అని ఊరంతా చాటిందిగా! ఇప్పుడు చూడండి దాని వైభోగం. బుగ్గలు పెళ్ళికూతురికి మల్లే ఎర్రగా ఉన్నాయి. లేపితే తలనొప్పట!"

కొట్టు యజమానురాలు ముసలి కొసారా ఒక్కతే నవ్వలేదు.

"పిల్లి కూడా పడుకుందా?"

"అదీ అంతే పిన్నీ. తోక తొక్కినా కదల్లేదు."

"పొయ్యి మండుతోందా?"

"దేదీప్యమానంగా!"

కొసారా చేతిలోని పళ్ళెం జారి పడింది.

"ఒరేయ్ దౌర్భాగ్యుడా, పరుగెత్తి ముందా కిటికీలు పగలగొట్టరా, ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఉన్నది నిద్ర కాదు, బొగ్గుల పొయ్యి విషపు గాలి!"