కుర్చీలు మార్చుకున్నాక

"ఇప్పుడు నువ్వు అభినవ్‌వి. అతను నువ్వు. కుర్చీలు మార్చుకోండి," అన్నారు శాంతి అధ్యయనాల పాఠం చెప్పే సోమశేఖర్ మాస్టారు. "హిందీ వద్దు, మన తెలుగులోనే మాట్లాడుకోండి. మనసు విప్పాలంటే అదే మేలు."

రోహిణి వెళ్లి అభినవ్ కుర్చీలో కూర్చుంది. అదింకా వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనానికే ఆమెకు రోత పుట్టింది.

మొన్న బిష్టుపూర్ బస్టాపులో, వెంటపడొద్దన్నందుకు అభినవ్ ఆమె చెంప ఛెళ్లుమనిపించాడు. ఆమె ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేయబోతే మాస్టారే ఆపి, క్లాసులో రాజీ చేస్తానన్నారు.

"అభినవ్‌గా మాట్లాడమ్మా. అతని మనసులో ఏముంటుందో చెప్పు."

క్లాసంతా చూస్తోంది.

"కోపంలో కొట్టీసినాను," అంది రోహిణి. "తప్పయిపోనాది. క్షమించీ."

ఆమె కుర్చీలో కాళ్లు బారజాపుకుని కూర్చున్న అభినవ్ నవ్వాడు. "కోయీ బాత్ నహీ. పర్లేదులే, క్షమించేశాను."

తెలుగు రానివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. "చూశారా, ఇదీ అహింసంటే. గొడవ తీరిపోయింది."

రోహిణి ఆ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏటి తీరింది సార్? దెబ్బ తిన్నదీ నేనే, తప్పయిందన్నదీ నేనే. ఆడేమో దయతల్చీసినాడు."

"అది అభ్యాసమమ్మా."

"అయితే ఎవరి కుర్చీలో వాళ్లం కూకుంటాం. ఆ మాట ఆడి నోటంట ఓపాలి అనిపించండి."

అభినవ్ కాళ్లు ముడుచుకుని మాస్టారి వైపు చూశాడు.

"ఇవాళ్టికి చాలు," అన్నారాయన పుస్తకం మూస్తూ.

గంట ఇంకా కొట్టలేదు.