ఆ ఇంట్లో ఉండేదెవరు?

మా ఆయన ఊళ్లో లేని యజమానుల ఇళ్లు చూసుకుంటారు. వాటిలో ఒక ఇంటికి ప్రతి ఆదివారం వెళ్లి, సాయంత్రం కూనిరాగం తీస్తూ తిరిగొస్తారు. నా దగ్గర ఏనాడూ తియ్యని రాగం.

ఆ ఇంట్లో పైపు పగిలి గోడలు తడిశాయని ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చిన రోజు నేనూ వెంటపడి వెళ్లాను. సవతి మొహం చూడాలిగా!

"రెండు నెలలు ఖాళీగా ఉన్న ఇంటికి క్లెయిమ్ రాదండీ. ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా?" అన్నాడు సర్వేయర్.

మా ఆయన నావైపు చూడకుండా పడగ్గది తలుపు తీశారు. మంచం మీద దుప్పటి నలిగి ఉంది.

"నేనేనండీ. ఆదివారాలు వచ్చి పడుకుంటాను. ఓనరుగారికి తెలీదు. నా ఉద్యోగం పోతే పోయింది, ఆయన క్లెయిమ్ పోకూడదు."

"మీతో ఇంకెవరు?"

"ఎవరూ లేరండీ."

నేను నమ్మలేదు. మంచం కింద, అల్మరాలో, బాత్రూంలో వెతికాను. పొడుగు వెంట్రుక ఒక్కటి దొరకలేదు. దిండు ఒక్కటే, నడిమధ్య గుంటపడి. గ్లాసూ ఒక్కటే.

రెండో దిండు ఉంటే, దానిమీద పడుకునేదాని జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. ఎవరూ లేని చోటు కావాలనే ఆయన ఇక్కడికి వస్తున్నారు. ఇప్పుడు ఎవరి జుట్టు పట్టుకోను?