ఓటికుండ

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా?"

సర్జనమ్మ అడిగింది పసిపిల్ల తల్లిదండ్రుల్ని. జవాబు మాత్రం తాత నోట్లోంచి వచ్చింది.

"మా వంశంలో లేదు. ఓటికుండలు మా ఇంట పుట్టవు. ఇది కోడలి వైపునుంచి వచ్చిందే."

కోడలు తల వంచుకుంది. కొడుకు గోడగడియారం వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఇది ఎవరి వైపునుంచీ రానక్కర్లేదు పెద్దాయనా. కడుపుకీ రొమ్ముకీ మధ్యనుండే పొరలో కన్నం ఉండిపోయింది. పేగులు అందులోంచి పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కేస్తున్నాయి. అయినా అడగడం మా పద్ధతి. బాగా ఆలోచించి చెప్పండి. ఎవరికీ లేదా?"

"లేదన్నానుగా డాక్టరమ్మా. పిల్లకేమన్నా అయిందా, దీన్ని పుట్టింటికి పంపి తలుపేసుకుంటాను."

సర్జనమ్మ చెయ్యి ఎడమ డొక్క మీదికి పోయింది. కోపమొస్తే ఆమెకది అలవాటు.

చేతులు కడుక్కునే చోట పెద్ద నర్సు అది గమనించింది. "మళ్ళీ గ్యాసా మేడమ్? వేళకు తినమంటే వినరు."

"గ్యాసు కాదక్కా, కసి. మా అమ్మ ఆ ముసలాయన ఇంట్లో రెక్కలు ముక్కలు చేసుకుంది. అంట్లు, బట్టలు, వంట, అన్నీ తనే. ఒకరోజు ఇదే మాట, 'ఓటికుండ' అని వీధిలోకి గెంటాడు. అప్పుడు అమ్మ చంకలో నేనున్నాను. ఎన్నాళ్ళుగానో కాచుకున్నాను. నా వాకిట్లోకే వచ్చాడు."

నర్సు మొహం పాలిపోయింది. "కత్తి పట్టుకునే ముందు ఆ మాటలొద్దమ్మా. ఇంకో డాక్టరుగారిని పిలవనా?"

"పసిదాని మీదెందుకు చూపిస్తాను? అది చక్కగా ఊపిరి పీల్చుకుంటేనే నా పగ తీరేది. లేకపోతే గెలిచేది ఆయనే."

నర్సుకు సగమే అర్థమైంది.

పక్కటెముకల సందున మూడు చిన్న కన్నాలు పెట్టింది సర్జనమ్మ. పెన్సిలు కూడా దూరదు వాటిలో. కెమెరా తెర మీద లేత పేగులు పొర్లుతున్నాయి. ఒక మడత కిందికి నెడితే రెండు పైకెక్కుతున్నాయి.

"అన్నీ తాత పోలికే, చెప్పిన మాట వినవు," అంది నర్సు.

సర్జనమ్మ నవ్వలేదు. ఓపిగ్గా అన్నిటినీ దించి, పొర అంచులు దగ్గరికి లాగి, సన్నటి పరికరాలతో లోపల్లోపలే ముడులు వేసింది. అణిగి ఉన్న ఊపిరితిత్తి కొద్దికొద్దిగా విచ్చుకుంది.

బయటికొచ్చి మాస్కు దించింది.

"పిల్ల బాగుంది. ఇంకొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలి, అంతే. వెనకటి రోజుల్లో అయితే ఎడమ డొక్క పొడవునా కోసేవాళ్ళు. దీనికి పెద్దయ్యాక మచ్చ వెతికినా దొరకదు."

కోడలు మొహం కొంగులో దాచుకుని ఏడ్చేసింది. ముసలాయన చేతులు జోడించాడు.

"బంగారు చేతులు తల్లీ. ఏ తండ్రి కన్నాడో గాని, అదృష్టవంతుడు."

"ఇందాకటి ప్రశ్న మిగిలిపోయింది పెద్దాయనా. ఇప్పుడు మీ కోడలి ఎదుట చెప్పండి. మీ వంశంలో ఎవరికైనా ఇలా ఉందా?"

"ఒట్టేసి చెబుతున్నా తల్లీ. లేదు."

సర్జనమ్మ ఎడమ డొక్క మీద చెయ్యి వేసుకుంది.

"ఉంది నాన్నా, నాకు."