విప్పని దారం

పెనుకొండ దర్గా ముందు కారు ఆగి చాలాసేపయింది. ఉలిగమ్మ దిగలేదు.

కొడుకు గంగాధర తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎండలో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడు. గొంతులో గడ్డ పెరిగితే బెంగళూరు డాక్టర్లు కోసి తీసేశారు. ప్రాణం దక్కింది. పాట దక్కలేదు. ఇప్పుడతను మాట్లాడితే చెవి ఒగ్గి వినాలి.

"దిగమ్మా" అన్నాడు, ఊపిరితోనే. "అప్పుడు నువ్వు కట్టిన దారమే కదా నన్ను ఇంతవాణ్ణి చేసింది. ఇంకొకటి కట్టు."

ఆ దారం సంగతి తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

పదేళ్ల కిందటి దాకా గంగాధర ధర్మవరంలో తల్లితో కలిసి పట్టుచీరలు నేసేవాడు. తండ్రి లేడు. వాళ్లు నేసే చీరకు అంచు పడాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. ఒకరోజు సగం చీర మగ్గం మీదే వదిలేసి, హిందూపురం ఆర్కెస్ట్రా వాళ్లతో వెళ్లిపోయాడు. ఏడాది తిరక్కుండా పాప్ పాటల క్యాసెట్ తెచ్చాడు. పేరు గంగు అని పెట్టుకున్నాడు. హిందూపురం బస్టాండు దగ్గర క్యాసెట్ల అంగడి ముందు అతని బొమ్మ నిలువెత్తున కట్టారు. చెవికి పోగు, గుండీలు తీసేసిన చొక్కా, అటూ ఇటూ పొట్టి గౌన్ల అమ్మాయిలు.

ఆ పాట కేబుల్ టీవీలో వచ్చిన మర్నాడు కొళాయి దగ్గర దాసమ్మ అందుకుంది.

"ఏం ఉలిగక్కా, మీవోనికి గుండీలు కుట్టేవాళ్లు లేరా ఆడ? ఆ పిల్లోళ్లకు గుడ్డ చాలనట్టుండాది. నీ మగ్గం మీది సగం చీరన్నా పంపిస్తే పోలే?"

అందరూ నవ్వారు. ఉలిగమ్మ బిందె నిండకముందే ఇంటికి వచ్చేసింది.

కానీ ఆ వారంలోనే ఆమె ఒంటరిగా బస్సెక్కి పెనుకొండకు పోయింది. దర్గాలో బాబయ్య స్వామికి మొక్కుకుని దారం కట్టి వచ్చింది. చేతిలో దర్గా చక్కెర పొట్లంతో బస్సు దిగుతుంటే చూసింది కూడా దాసమ్మే. కొడుకు కోసం దారం కట్టి వచ్చిందని వీధంతా చెప్పింది. పైకి ఎంత ముడుచుకున్నా కడుపుతీపి యాడికి పోతుందని ఆడవాళ్లంతా మెత్తబడ్డారు. ఆ నెలలోనే క్యాసెట్ అంగళ్లలో దొరకనంతగా అమ్ముడుపోయింది.

ఆ తరువాత ఎనిమిది క్యాసెట్లు. దుబాయిలో, సింగపూరులో ప్రోగ్రాములు. ఏ పత్రికవాళ్లు అడిగినా గంగాధర ఒకటే మాట చెప్పేవాడు. మా అమ్మ మొక్కు వల్లే ఇదంతా అని. ఒకసారి టీవీ వాళ్లు ధర్మవరం వచ్చి ఆ తల్లిని చూపించమన్నారు. ఉలిగమ్మ వంటింట్లోకి పోయి గడియ పెట్టుకుంది. ఎంత పిలిచినా రాలేదు. మా అమ్మకు పేరు మీద ఆశ లేదని కొడుకు కెమెరా ముందు గర్వంగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు కారులో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"గంగప్పా, స్వామి అందరి మాటా వింటాడంటావా?"

"నీ మాట విన్నాడు కదమ్మా."

ఆమె కారు దిగింది. పూలంగడి మనిషి గంగాధరను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. తల్లి వచ్చింది కాబట్టి ఇక భయం లేదన్నాడు. ఉలిగమ్మ తల వంచుకుని అతన్ని దాటిపోయింది.

లోపల దర్గా చూసుకునే ముజావరు సలాం సాబు చక్కెర పొట్లం అందుకుని ఫాతిహా ప్రార్థన చదివాడు. గంగాధర కొత్త దారం తల్లి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుని జాలీ కిటికీ ముందు నిలబడిపోయింది. కిటికీ నిండా ఎవరెవరివో దారాలు, ఎండకు వెలిసిపోయి ఉన్నాయి.

"పాతది విప్పినావా అమ్మా?" అన్నాడు సలాం సాబు. "తీరిన మొక్కు విప్పకుండా ఇంకోటి కట్టకూడదు."

ఉలిగమ్మ కిందివరసలో ఒక మూల చూపించింది. మగ్గం మీంచి తెంచిన ఎర్రటి పట్టుపోగు. మూడు ముళ్లతో అలాగే ఉంది.

గంగాధర ముఖం పాలిపోయింది. తన గొంతు ఎందుకు పోయిందో అతనికి అప్పుడు తెలిసినట్టయింది. ఇన్నేళ్లూ స్వామి బాకీ ఉంచుకున్నామా అనుకున్నాడు. అయినా తల్లిని ఒక్క మాట అనలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"పోనీలేమ్మా. ఊర్లు పట్టుకుని తిరుగుతా నేనే నీకు గుర్తు చేయలేదు. తప్పు నాదే."

ఉలిగమ్మ కిటికీ ఊచ పట్టుకుంది.

సలాం సాబు ఆమెను కసరలేదు. ఇట్లా మరిచిపోయినవాళ్లు చాలామందే వస్తారని చెప్పాడు. మొక్కు తీరినాక ఆలస్యం చేస్తే ఏడాదికొక సేరు చక్కెర ఎక్కువ పంచి, స్వామిని క్షమించమని అడిగితే చాలన్నాడు. తొమ్మిది సేర్లు తెమ్మని గంగాధర అప్పుడే డ్రైవరుకు సైగ చేశాడు.

"నువ్వే నోరు తెరిచి చెప్పల్ల తల్లీ" అన్నాడు సలాం సాబు. "సామి ముందర లెక్క తప్పు పోకూడదు. నీ మొక్కు ఎప్పుడు తీరింది?"

ఉలిగమ్మ కొడుకు వైపు చూడలేక, ఆ ఎర్రదారం వైపే చూస్తూ చెప్పింది. "ఆలస్యమేం కాలేదు సామీ, మొన్న ఆపరేషన్లో వీని గొంతు పోయిన దినమే నా మొక్కు తీరింది."