పెరట్లో దొరకని ట్యాంకు

"ఇక్కడే ఎక్కడో ఉండాలి," అన్నాడు ఆర్విడ్. వంచిన రెండు ఇనుప తీగలు చేత పట్టుకుని పెరటికి ఆ చివర, కంచె దగ్గర నిలబడి ఉన్నాడు.

"నిన్నా ఇదే మాటన్నావు, మొన్నా ఇదే మాటన్నావు," అంది మార్లీస్. ఆవిడ వంటింటి కిటికీ కింద, గడ్డిలో మడత కుర్చీ వేసుకుని కాఫీ తాగుతోంది. "నేల కింద నీళ్ళుంటే చాలు, నీ చేతిలో తీగలు వాటంతటవే తిరుగుతాయని పెళ్ళికి ముందు మా నాన్న దగ్గర తెగ కోతలు కోశావుగా. ఏవీ, తిరగవే?"

"తుప్పు పట్టాయి."

"తీగలకా, నీకా?"

ఆర్విడ్ జవాబు చెప్పలేదు. అలా జవాబు చెప్పకపోవడం వల్లే తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళు విడాకులు తీసుకున్నారు. పెద్ద గొడవలేం లేవు. ఆర్విడ్ నోరు విప్పడు, మార్లీస్ నోరు మూయదు. ఇల్లు ఆవిడకి వచ్చింది, ట్రక్కు అతనికి వచ్చింది. అతను ఊళ్ళో ట్రాక్టర్ల షాపు మీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు.

ఇప్పుడు మార్లీస్ ఆ ఇంటిని అమ్మకానికి పెట్టింది. మిల్వాకీ నుంచి వచ్చిన కొత్త జంటకి ఇల్లు తెగ నచ్చింది. అయితే విస్కాన్సిన్ పల్లెల్లో ఇల్లు కొనేవాళ్ళు గోడల రంగు కంటే ముందు సెప్టిక్ ట్యాంకు సంగతి అడుగుతారు. మూత తీసి, లోపల చూసి, బాగుందంటేనే సంతకం. చూడాలంటే ముందు అది ఎక్కడుందో తెలియాలి కదా! పాతికేళ్ళ పైమాటే, దాన్ని పాతిపెట్టింది ఆర్విడే. పటం గీసి కౌంటీ ఆఫీసులో ఇవ్వాలన్న బుద్ధి అప్పుడతనికి పుట్టలేదు. "ఆ మహానుభావుడికి తప్ప ఎవరికీ తెలీదు, అతన్నే పిలవండి," అని మార్లీస్ చెప్పడంతో, ఇళ్ళ ఏజెంటు జోలీన్ వెళ్ళి అతన్ని బతిమాలి తీసుకొచ్చింది. శుక్రవారంలోగా ట్యాంకు కనబడకపోతే చెరువు గట్టున ఇంకో ఇల్లు చూసుకుంటామని ఆ జంట చెప్పేసింది.

అప్పటికే ఆ పెరడు పందికొక్కులు కాపురం పెట్టినట్టుంది. ఎటు చూసినా గొయ్యే.

నిజానికి ట్యాంకు ఎక్కడుందో ఆర్విడ్‌కి కళ్ళు మూసుకున్నా తెలుసు. సరిగ్గా మార్లీస్ కుర్చీ కింద ఉంది.

చెప్పడం లేదు, అంతే. ఇల్లు అమ్ముడైతే మార్లీస్ అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇన్నాళ్ళూ శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తినడానికి క్లబ్బుకి వెళితే, నాలుగు బల్లల అవతల ఆవిడ నవ్వు వినబడేది. వారమంతా దాంతోనే నెట్టుకొచ్చేవాడు. ఇక అది కూడా ఉండదని తెలిసిన రోజునుంచి అతనికి ముద్ద దిగడం లేదు. వెళ్ళొద్దని అడగడానికి నోరు రాదు. నోటికి చేతకాని పని చేతులకి అప్పజెప్పి తవ్వుకుంటూ పోతున్నాడు.

అదృష్టం బాగుండి ఆవిడ మొదటిరోజు నుంచీ కుర్చీ అక్కడే వేసుకుంటోంది. "కాస్త లేవండి, మీ కింద కూడా చూద్దాం," అని మార్లీస్‌తో అనగల మొనగాడు ఆ కౌంటీలో లేడు.

మధ్యాహ్నం ఆవిడ సాసేజిలు కాల్చి, బంగాళదుంపల సలాడ్ కలిపి తెచ్చింది. పళ్ళెం తిన్నగా అతని ఒళ్ళో పెట్టింది.

"ఆ గదిలో ఏం తిని బతుకుతున్నావసలు?"

"డబ్బా సూపు."

"రోజూనా?"

"ఆదివారాలు రెండు డబ్బాలు."

మార్లీస్ ఇంకో సాసేజి అతని పళ్ళెంలో వేసింది. "సరేలే, తిను. ఆపిల్ చెట్టు వెనక ఇంకా చూడలేదు నువ్వు. అక్కడ నేల గట్టిగా ఉంటుంది, తొందరేం లేదు, నెమ్మదిగా తవ్వు."

శుక్రవారం ఉదయం జోలీన్ వచ్చింది. వస్తూనే ఒక కాలు గోతిలో పెట్టింది.

"ఇవాళే ఆఖరండీ," అంది బూటులోంచి మట్టి దులుపుకుంటూ. "ఇక లాభం లేదని సెప్టిక్ బండి గస్‌కి కబురు పెట్టాను. పైపులో దూర్చే కెమెరా ఉందిట అతని దగ్గర. వాళ్ళావిడ ఇప్పుడే పంపిస్తానంది."

"గస్ ఎందుకమ్మా దండగ!" మార్లీస్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఆర్విడ్ ఇవాళ కనిపెట్టేస్తాడు. చూస్తూండు."

కాపురం చేసినన్నాళ్ళూ మార్లీస్ అతన్ని వెనకేసుకొచ్చింది లేదు. ఆర్విడ్‌కి, ఇంత నమ్మిన మనిషిని ఇలా మోసం చేస్తున్నానే అని సిగ్గేసింది. పార పక్కన పడేశాడు. గోతులు దాటుకుంటూ వచ్చి ఆవిడ ఎదుట నిలబడి టోపీ తీశాడు.

"మార్లీస్, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు," అంది ఆవిడ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

అతను నోరు తెరిచేలోగా సెప్టిక్ బండి వచ్చి ఆగింది. గస్ దిగాడు. కెమెరా తియ్యలేదు, గోతుల వంక చూడలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. లావుపాటి గొట్టం భుజాన వేసుకుని తిన్నగా వంటింటి కిటికీ కిందికి నడిచాడు.

"కొంచెం లేవండి మార్లీస్ గారూ," అన్నాడు, "మూడేళ్ళకోసారి నేను తోడటానికి వచ్చేసరికి మూత మీది మట్టి మీరే తీసి సిద్ధంగా ఉంచేవారు కదా, ఈసారేంటి, దానిమీదే కూర్చున్నారు?"