పూర్తి విశ్రాంతి

మైకు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. మాట మాత్రం రావడం లేదు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నదామె. అంతే. తర్వాతి మాట చేతిలో కాగితం మీద ఉంది. కళ్ళకు కనిపిస్తోంది. నోటికి అందడం లేదు.

కింద బస్ స్టేషన్లో జనం సంచులు పట్టుకుని, తలలెత్తి స్పీకర్ల వంక చూస్తూ నిలబడిపోయారు.

స్పీకర్లలోంచి ఒక మనిషి ఊపిరి వినిపిస్తోంది.

పక్కగది ఎంక్వైరీ గుమాస్తా పరుగున వచ్చి మైకు కట్టేశాడు.

"ఏమైందక్కా? గొంతు పట్టేసిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. గొంతుకేమీ కాలేదు.

బస్సుల సంస్థ డాక్టరు కూడా గొంతు జోలికి పోలేదు. "ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని అడిగాడు.

"నేనూ, మా అమ్మా సార్. అమ్మకి పక్షవాతం. ఎడమవైపు మొత్తం పడిపోయింది. పగలు ఆయమ్మ చూస్తుంది. రాత్రిళ్ళు నేను."

"మరి నువ్వు పడుకునేదెప్పుడు?"

పెద్ద ప్రశ్నేం కాదు. దానికే కట్ట తెగినట్టు ఏడ్చింది.

ఆ ఏడుపు చూసి ఆయన సెలవు రాశాడు. నిద్రమాత్రలు రాశాడు. వేలు చూపించి మరీ చెప్పాడు.

"నెల్లాళ్ళు పూర్తి విశ్రాంతి. ఎవరి పనీ నెత్తినేసుకోకు."

సంగతి వినగానే అన్నయ్య ఫోన్లోనే గంతేసినంత పని చేశాడు.

"నెల్లాళ్ళా! మంచిదే అయింది. ఆయమ్మని రేపట్నించి రావద్దని చెప్పేస్తాను. నువ్వుండగా ఆవిడెందుకు?"

"అన్నయ్యా, జబ్బు నాకు."

"మనసుకేగా! కాళ్ళూ చేతులూ లక్షణంగా ఉన్నాయిగా నీకు?"

వేళాకోళానికి అన్న మాట కాదు. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు.

ఆయమ్మ పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"రెస్టు తీసుకోండమ్మా. మీకేం, రాసిచ్చేవాళ్ళున్నారు. మా అత్త మంచంలో ఉంది, నాకెవరు రాసిస్తారు?"

విశ్రాంతి మొదలైంది.

అమ్మ వీపు పుండు పడకుండా కాసేపు ఇటు తిప్పాలి. కాసేపు అటు తిప్పాలి. తడిసిన దుప్పటి లాగి పొడిది పరవాలి. చెంచాతో జావ పోసి, పెదవి చివర నుంచి కారిందంతా తుడిచి, మళ్ళీ అదే చెంచాతో పోయాలి. ఇంతకుముందు ఇందులో సగం ఆయమ్మ చేసేది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా చెల్లెలు కూడా వచ్చింది, చంకలో పిల్లాడితో.

"వీడికి జ్వరమక్కా. సెలవడిగితే మా ఆఫీసరు మొహం చిట్లిస్తున్నాడు. నువ్వెలాగూ ఖాళీయేగా?"

పిల్లాడి ఒళ్ళు పెనంలా కాలుతోంది. తీసుకుని భుజాన వేసుకుంది.

అమ్మ మాట ముద్దముద్దగా వస్తుంది. పెద్దకూతురికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ఆ రాత్రి ఆమె నిద్రమాత్ర నోట్లో వేసుకోబోతుంటే, అమ్మ బాగున్న చేత్తో మణికట్టు పట్టుకుంది.

"అది వేసుకోకే."

"ఎందుకమ్మా?"

"నువ్వు మొద్దునిద్ర పోతే, నేను పిలిచేది ఎవరికి వినపడుద్ది?"

పట్టు గట్టిగానే ఉంది. కళ్ళల్లో భయం అంతకంటే గట్టిగా ఉంది.

ఆమె మాత్రను మళ్ళీ సీసాలో వేసి మూత బిగించింది.

కొన్నాళ్ళకు, స్నానాల గదిలో దుప్పటి పిండుతూ పిండుతూ ఆగిపోయింది. డ్యూటీ మీదకి మనసు మళ్ళింది. ఆ అద్దాల గది. ఒక కుర్చీ. మూసుకునే తలుపు. బస్సులు వస్తాయి, పోతాయి. వాటిలో ఒక్కదాన్నీ పక్కకు తిప్పి పడుకోబెట్టక్కర్లేదు.

సెలవింకా సగం మిగిలుండగానే, పక్కింటావిడను అమ్మ దగ్గర కూర్చోబెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"నయమైపోయింది సార్. రేపే డ్యూటీలో చేరతాను."

"నిద్ర పడుతోందా?"

"హాయిగా పడుతోంది."

"మాత్రలు?"

"ఒక్కపూట కూడా మానలేదు."

డాక్టరు మురిసిపోయాడు. "చూశావా? ఇంటిపట్టున ఉంటే సగం రోగం దానంతటదే పోతుంది." రేపటి నుంచి పనికి పంపవచ్చని రాసి సంతకం పెట్టాడు.

ఆమె బయటికొచ్చి, వరండాలో గోడకు ఆనుకుని అన్నయ్యకు ఫోన్ చేసింది.

"రేపట్నించి డ్యూటీకెళ్తున్నాను. ఆయమ్మని రమ్మని చెప్పు."

"ఆయమ్మ వేరేచోట కుదిరిపోయిందటే. అయినా అంత తొందరపడి చేరమన్నదెవరు నిన్ను?"

"అయితే కొన్నాళ్ళు అమ్మని మీ ఇంటికి తీసుకెళ్ళు."

అన్నయ్య గొంతు తగ్గించాడు. పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు.

"మీ వదిన సంగతి నీకు తెలీందేముందే. సున్నితమైన మనిషి. మంచానపడ్డ వాళ్ళని చూస్తే తట్టుకోలేదు. ఇక నిద్రే పట్టదు తనకి. మనసుతో ఆటలాడకూడదు కదా?"

"నిజమే అన్నయ్యా" అంది.

ఫోన్ పెట్టేసి, వెనక్కి నడిచి, డాక్టరు గది తలుపు తట్టింది.

"ఏమ్మా, ఏమైనా మర్చిపోయావా?"

"మిగతా సెలవు కూడా కావాలి సార్."

"ఇప్పుడేగా నయమైపోయిందన్నావు!" డాక్టరు కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు. "మరి ఇప్పుడెవరికి బాగోలేదు?"

"మా వదినకి" అంది.